కువైట్‌లో తెలుగు చానళ్లు ఆగకుండా రావాలంటే: మా ఆరడుగుల డిష్ రివ్యూ

గల్ఫ్‌లో ఉంటూ తెలుగు చానళ్లు ఆగకుండా చూడాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తాను: డబ్బులు డిష్ మీద, దాన్ని నిలబెట్టే స్టాండ్ మీద, కిందికి దించే కేబుల్ మీద పెట్టండి, రిసీవర్ మీద కాదు. షాపుకెళితే అందరూ చూసేది రిసీవర్‌నే, షాపువాడు చూపించేదీ దాన్నే, ఎందుకంటే అది అద్దాల బీరువాలో మెరుస్తూ ఉంటుంది, రిమోట్ ఉంటుంది, అట్టపెట్టె మీద 4కే అని పెద్ద అక్షరాలుంటాయి. బొమ్మ వస్తుందా రాదా అన్నది మాత్రం మేడ మీదే తేలిపోతుంది. నేను ఫర్వానియాలో ఉంటాను. మా బిల్డింగ్ మీద రెండు సీ బ్యాండ్ (పెద్ద డిష్‌తో పట్టే, పొడవాటి తరంగాల శాటిలైట్ సిగ్నల్) డిష్‌లున్నాయి, ఒకటి మాది, ఇంకొకటి పక్క ఫ్లాట్‌లో ఉండే కోనసీమ కుర్రాళ్లది, రెండూ కలిపి రెండిళ్లవాళ్లం వాడుకుంటున్నాం. కొన్న వారానికి రాసే రివ్యూ కాదిది, కొన్ని ఎండాకాలాలు, దుమ్ము తుఫానులు, ఒకటి రెండు గట్టి వానలు చూశాక రాస్తున్నది.

ముందు సరుకు సంగతి. 180 సెంటీమీటర్ల డిష్, అంటే మనవాళ్లు ఆరడుగుల డిష్ అనేది. దాని మధ్యలో నిలబడే సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బి ఒకటి, అంటే డిష్ పట్టిన సిగ్నల్‌ను అందుకుని కేబుల్‌లోకి పంపేది, చుట్టూ గుండ్రటి రింగుతో. ఆర్‌జీ 6 కేబుల్. రెండు డిష్‌ల నుంచి వచ్చే వైర్లను ఒకే వైరుగా కలిపే చిన్న డైసెక్ స్విచ్. ఇంట్లో మామూలు హెచ్‌డీ ఫ్రీ టు ఎయిర్ రిసీవర్. రిసీవర్ ఏ కంపెనీదైనా పెద్ద తేడా లేదు, ఎంపెగ్ 4, డీవీబీ ఎస్2 (చానళ్లు పంపే పద్ధతులు) పలకాలి, బ్లైండ్ స్కాన్ (చానళ్లను తనే వెతుక్కోవడం) ఉండాలి, అంతే. ఒక డిష్‌కు సామాను, కూలి అన్నీ కలిపి నాకు అరవై దినార్ల లోపే అయింది. ఆ తర్వాత నెలనెలా కట్టేది ఏమీ లేదు, ఎందుకంటే ఇందులో చూసేవన్నీ ఉచితంగా వదిలే చానళ్లే.

ఇంత పెద్ద డిష్ ఎందుకు, ఇండియాలో ఇంటింటికీ ఉండే చిన్న డిష్ తెచ్చుకుని పెట్టుకోవచ్చు కదా అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. సెలవుకి వెళ్లినప్పుడు సూట్‌కేసులో సెట్ టాప్ బాక్స్ పెట్టుకుని తెచ్చుకున్నవాళ్లు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు. నేను వద్దనే చెబుతాను, రెండు కారణాలతో. మొదటిది, ఆ డీటీహెచ్ కంపెనీలకు లైసెన్సు ఉన్నది ఇండియా వరకే. ఇక్కడ కార్డు వాడటం వాళ్ల నిబంధనలకు విరుద్ధం, ఎప్పుడు ఆపేసినా అడిగే హక్కు మీకు ఉండదు. రెండోది అసలైనది. ఆ చానళ్లు కేయూ బ్యాండ్‌లో, అంటే చిన్న డిష్‌కి సరిపోయే చిన్న తరంగాల మీద వస్తాయి, ఆ బీమ్‌ను ఇండియా నేల మీద పడేలా మలిచి వదులుతారు. ఇస్రో శాటిలైట్ జీశాట్ 30నే తీసుకోండి. 2020 జనవరి 17న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ 5 రాకెట్ మీద వెళ్లింది, భూమధ్యరేఖకు పైన 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర పాత ఇన్‌శాట్ 4ఏ స్థానంలో కూర్చుంది. అందులో 12 సీ బ్యాండ్, 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు (సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపేవి) ఉన్నాయి. ఇస్రో చెప్పిన ప్రకారమే కేయూ బ్యాండ్ ఇండియాకూ దాని దీవులకూ, సీ బ్యాండ్ మాత్రం గల్ఫ్ దేశాలు, ఆసియాలో చాలా దేశాలు, ఆస్ట్రేలియా దాకా. అంటే ఒకే శాటిలైట్‌లో ఒక సగం మన కోసం కాదు, ఇంకో సగం మన దాకా రావాలనే చేశారు. రావాలని చేసిన దాన్ని పట్టుకోవడం తేలిక, రాకూడనిదాన్ని పట్టుకోవాలంటే రోజూ యుద్ధమే.

ఇంకో లాభం వాన. కువైట్‌లో వానేంటి అనుకోకండి, ఏడాదికి కొద్ది రోజులే అయినా పడితే దంచి కొడుతుంది, 2018 నవంబర్‌లో రోడ్లు మునిగిపోయిన సంగతి ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. కేయూ బ్యాండ్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల దగ్గర, సీ బ్యాండ్‌ది ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చిన్న తరంగాన్ని వాన చినుకులు మింగేస్తాయి, పెద్దదాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. వాన పడుతున్నప్పుడు మా రిసీవర్‌లో క్వాలిటీ గీత (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చూపేది) కాస్త కదలడం చూశాను గానీ బొమ్మ పోవడం చూడలేదు.

ఇప్పుడు బిగించే పని. అసలు రివ్యూ ఇక్కడే ఉంది, ఎందుకంటే అదే సామాను, అదే షాపు, అదే శాటిలైట్, అయినా ఒకరింట్లో గాజులా వస్తుంది, ఇంకొకరింట్లో గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. మొదట మా ఇంటికొచ్చి బిగించినవాడు అరబిక్ చానళ్ల డిష్‌లు పెట్టడంలో చేయి తిరిగినవాడే, కానీ సీ బ్యాండ్ పని అతనికి అలవాటు లేదు. డిష్‌ను సుమారుగా తిప్పాడు, టీవీలో ఒక చానల్ కనపడగానే నట్లు బిగించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. పొద్దున వచ్చేది, మధ్యాహ్నం ఎండ ముదిరితే పోయేది, గాలి వీస్తే అసలే రాదు. ఫోన్ చేస్తే రేపు, రేపు. చివరికి రాజంపేట వైపు కుర్రాడు ఒకతను వచ్చాడు, పగలు వేరే కంపెనీలో పని, శుక్రవారాలు డిష్‌లు చూస్తాడు. అతను మేడెక్కి మొదట చేసిన పని డిష్ ముట్టుకోవడం కాదు, స్టాండ్ గొట్టానికి నీటిమట్టం బద్ద ఆనించి చూశాడు. "అన్నా, గొట్టమే ఒంగి ఉంది. ఇది నిటారుగా లేకుంటే మనం ఎంత తిప్పినా ప్రయోజనం లేదన్నా, రేప్పొద్దున గాలికి మళ్లీ జరుగుతుంది" అన్నాడు. గొట్టం కింద రేకు ముక్కలు దోపి, బోల్టులు మళ్లీ బిగించి, బద్దలో బుడగ నడిమికొచ్చాకే డిష్ మీద చెయ్యి వేశాడు.

దిక్కు సంగతి కొంచెం తెలుసుకుంటే మీకే పనికొస్తుంది, బిగించేవాడు ఏం చేస్తున్నాడో చూసి అడగొచ్చు. మా డిష్ చూసేది 66 డిగ్రీల దగ్గరున్న ఇంటెల్‌శాట్ 17 అనే శాటిలైట్‌ని, అది హైదరాబాద్‌లో నిలబడి చూస్తే నైరుతి వైపు ఉంటుంది. కువైట్ దానికి పడమటగా ఉంది కాబట్టి ఇక్కడి నుంచి ఆగ్నేయం వైపు, ఉత్తరం నుంచి లెక్కేస్తే దాదాపు 146 డిగ్రీలు, ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తున. 83 డిగ్రీల జీశాట్ 30 అయితే ఇంకా తూర్పుకి జరుగుతుంది, దాదాపు 125 డిగ్రీల వైపు, ఎత్తు 39 డిగ్రీలే. అందుకే 83 కావాలనుకుంటే ఆగ్నేయం వైపు పక్క బిల్డింగ్ అడ్డం ఉందేమో ముందు మేడెక్కి చూసుకోవాలి. మా మేడ మీద నీళ్ల ట్యాంకు కాస్త అడ్డం వస్తే డిష్‌ను పిట్టగోడ మూలకి జరిపాం.

తర్వాత ఎల్‌ఎన్‌బి తిప్పడం. చాలామంది వదిలేసేది ఇదే. కొన్ని చానళ్లు అడ్డంగా ఊగే తరంగాల మీద, కొన్ని నిలువుగా ఊగేవాటి మీద వస్తాయి. శాటిలైట్ మనకు సరిగ్గా దక్షిణాన లేదు కాబట్టి ఆ అడ్డం నిలువు తరంగాలు మన దగ్గరికి ఒక పక్కకి వాలి వస్తాయి, 66 డిగ్రీలకైతే కువైట్‌లో 29 డిగ్రీల దాకా వాలు. ఎల్‌ఎన్‌బిని అంత మేర తిప్పి పెట్టకపోతే అడ్డం చానళ్లలోకి నిలువువి చొరబడతాయి, స్ట్రెంగ్త్ (సిగ్నల్ బలం) నిండుగా చూపిస్తూనే బొమ్మ విరుగుతుంది. ఆ కుర్రాడు ఒక చేత్తో ఎల్‌ఎన్‌బి మెడ పట్టుకుని వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతుంటే నేను కింద టీవీలో అంకెలు చూసి ఫోన్‌లో చెప్పాను. 40 దగ్గర ఆగిన క్వాలిటీ 70 దాటింది. తర్వాత రింగును ముందుకీ వెనక్కీ జరిపాడు, ఇంకో నాలుగైదు పెరిగింది. డిష్ అంగుళం కూడా కదల్లేదు, అయినా ఇంత తేడా. కాబట్టి బిగించేవాడు స్ట్రెంగ్త్ చూపించి అయిపోయిందంటే ఒప్పుకోకండి, క్వాలిటీ చూపించమనండి, అదీ ఒక చానల్‌లో కాదు, అడ్డం చానల్ ఒకటి, నిలువు చానల్ ఒకటి. డిజిటల్ సిగ్నల్‌కి మధ్యస్తం లేదు, హద్దు పైన ఉన్నంతసేపు శుభ్రంగా వస్తుంది, హద్దు దిగగానే మొత్తం పోతుంది. అందుకే బిగించే రోజే హద్దుకి బాగా పైన పెట్టించుకోవాలి, ఎండ, గాలి, వయసు అన్నీ కొంచెం కొంచెం తినేస్తాయి.

కేబుల్ గురించి కూడా గట్టిగా చెప్పాలి. రిసీవర్ నుంచి పైకి 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బి నిలువు చానళ్లు పడుతుంది, 18 పంపితే అడ్డం చానళ్లు. చవక కేబుల్‌లో లోపలి తీగ ఇనుముదే, పైన రాగి పూత. పొడవు ఎక్కువైనప్పుడు, డైసెక్ స్విచ్‌లూ జాయింట్లూ మధ్యలో ఉన్నప్పుడు 18 వోల్టులు పైకి చేరేసరికి తగ్గిపోతాయి, సగం చానళ్లు మాయమవుతాయి, మిగతా సగం శుభ్రంగా వస్తుంటాయి. ఇది చూసి జనం శాటిలైట్‌లోనే చానల్ తీసేశారనుకుంటారు. మా బిల్డింగ్ ఆరంతస్తులు, మేము రెండో అంతస్తు, కాబట్టి నిండు రాగి తీగ ఉన్న కేబుల్ వేయించాను, మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క. మీటరుకు కొన్ని ఫిల్సులు (ఇక్కడి చిల్లర) తేడా, అంతే. పైన కనెక్టర్ దగ్గర నీళ్లు దిగకుండా రబ్బరు టేపు చుట్టించండి, మామూలు నల్ల టేపు ఇక్కడి ఎండకి ఒక్క వేసవిలో జిగురు కారి ఊడిపోతుంది. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది, ప్లాస్టిక్‌కి ఇక్కడ ఆయుష్షు తక్కువ. ఎల్‌ఎన్‌బి మూతి మీది ప్లాస్టిక్ మూత పెళుసెక్కి పగిలితే లోపలికి దుమ్ము, తేమ వెళ్లి మెల్లగా పాడవుతుంది, అందుకని ఏడాదికోసారి మేడెక్కి దాన్ని చూసి రావడం మంచిది. జూన్, జూలైలో షమాల్ అనే గట్టి దుమ్ము గాలి మొదలైతే డిష్ మీద ఎంత తోపు పడుతుందో కింద ఉన్నవాళ్లకి తెలియదు. గాలి మరీ ఎక్కువుండే చోటైతే జల్లెడలా చిల్లులున్న మెష్ డిష్ తీసుకోండి, సీ బ్యాండ్‌కి అది చక్కగా సరిపోతుంది, గాలి చాలావరకు చిల్లుల్లోంచి పోతుంది. మాది రేకు డిష్, అందుకే అడుగున సిమెంటు దిమ్మెలు పెట్టించాం, మూడు పక్కలా ఇనుప తీగ కట్టించాం.

ఇక కొత్త తలనొప్పి, పాతవాళ్లకి తెలియనిది. ఇక్కడ 2019 నుంచి 5జీ నడుస్తోంది, అది 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. మామూలు సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బి 3.4 నుంచి 4.2 దాకా అన్నిటినీ లోపలికి రానిస్తుంది. శాటిలైట్ నుంచి వచ్చే సిగ్నల్ 36 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చేసరికి ఆవగింజంత, ఎదురు మేడ మీది టవర్ సిగ్నల్ కొండంత. టవర్ మొదలుపెట్టిన రోజు నుంచి మాకు సగం పైగా చానళ్లు పోయాయి, డిష్ కదల్లేదు, కేబుల్ బాగానే ఉంది, రిసీవర్ మార్చి చూసినా అంతే. రాజంపేట తమ్ముడే కనిపెట్టాడు, ఒక అట్టముక్కకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి టవర్ వైపు అడ్డం పెడితే చానళ్లు తిరిగొచ్చాయి. అప్పుడు 3.7 నుంచి 4.2 వరకే రానిచ్చే 5జీ ఫిల్టర్ ఎల్‌ఎన్‌బి తెప్పించి వేశాం, మామూలుదాని కన్నా ధర ఎక్కువే, అయినా ఈ మొత్తం సామానులో నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు మామూలు ఎల్‌ఎన్‌బి అసలు కొనకండి. టవర్ ఈరోజు లేకపోవచ్చు, వచ్చే ఏడాది వస్తుంది.

ఇంత కష్టం దేనికి, ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి కదా అంటారు. 2021 నవంబర్ 19 గుర్తుందా? శుక్రవారం. తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది, పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట. రాజంపేట, నందలూరు, రైల్వే కోడూరు వైపు నుంచి కువైట్‌లో ఎంతమంది ఉన్నారో ఇక్కడున్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు కలవడం లేదు. ఆ రోజు మా హాలు నిండిపోయింది, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ, చెప్పులు మెట్ల దాకా. ఒకాయన పులపత్తూరు మనిషే, టీవీకి అడుగు దూరంలో కూర్చుని, బురదలో కూలిన గోడలు చూపిస్తుంటే అది ఏ వీధో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాడు, చెప్పలేకపోతున్నాడు. మధ్యాహ్నం ఆలస్యంగా ఆయన అన్న ఫోన్ కలిసింది, అందరూ గుట్ట మీదికి ఎక్కేశారని తెలిసింది. ఆ పూట టీవీ ఒక్క నిమిషం ఆగినా ఆయన ఏమైపోయేవాడో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. నిలకడగా రావాలి అని నేను ఇంత పట్టుపట్టి రాయడానికి కారణం సీరియళ్లు కాదు, ఇలాంటి రోజులు.

2024 జూన్ 4న ఏపీ ఎన్నికల లెక్కింపు ఇంకో పరీక్ష. ఇండియాలో ఎనిమిదింటికి మొదలైతే ఇక్కడ ఐదున్నర, డ్యూటీకి పోయేముందు అందరూ ఒకేసారి ఫోన్లు తెరిచారు. అప్పటికి ఇంకా డిష్ పెట్టుకోని పక్క ఫ్లాట్ కోనసీమ కుర్రాళ్లలో ఒకడు యాప్‌లో చూస్తూ మా తలుపు కొట్టాడు, "అన్నయ్యా, మాది గుండ్రంగా తిరుగుతూనే ఉందండి, మీ టీవీ పెట్టండి" అని. డిష్‌కి ఎంతమంది చూస్తున్నారన్న లెక్కే లేదు, ఒక్కడు చూసినా, పది లక్షల మంది చూసినా ఒకేలా వస్తుంది. యాప్‌లో లైవ్ కొంచెం వెనక నడుస్తుంది కూడా, డిష్‌లో ఆధిక్యం కనపడ్డాక కాసేపటికి గానీ వాళ్ల ఫోన్‌లో కనపడలేదు.

మా అమ్మ విజిట్ మీద వచ్చినప్పుడు ఇంకో సంగతి గమనించాను. ఆమెకి యాప్ తెరవడం, లాగిన్, పాస్‌వర్డ్ ఇవన్నీ రావు, రావాల్సిన పనీ లేదు. రిమోట్‌లో ఒక అంకె నొక్కితే ఎస్వీబీసీ రావాలి. టీటీడీవాళ్లు 2008లో మొదలుపెట్టిన చానల్ అది, ఉచితంగా వదులుతారు. ఇండియాకి మనకి రెండున్నర గంటలు తేడా కాబట్టి అక్కడి ఉదయం కార్యక్రమాలు ఇక్కడ తెల్లవారకముందే వస్తాయి, అమ్మ ఎలాగూ ఆ వేళకే లేస్తుంది, నన్ను నిద్రలేపకుండా తనే పెట్టుకునేది. పెద్దవాళ్లున్న ఇంటికి నేను డిష్ వైపే ఓటేస్తాను, వేరే ఆలోచన లేదు.

లోపాలు కూడా చెప్పాలి, ఉన్నాయి. పెద్దది, పెయిడ్ చానళ్లు రావు. జెమినీ ఉన్న సన్ గ్రూపు చానళ్లు 66 డిగ్రీల మీదే ఉన్నా తాళం వేసి ఉంటాయి, రిసీవర్‌లో పేరు కనపడుతుంది, బొమ్మ రాదు. సీరియళ్లు, కొత్త సినిమాలు, రియాలిటీ షోలు కావాలంటే డబ్బు కట్టి యాప్ తీసుకోవాల్సిందే, ఆహా, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్, యప్ టీవీ ఇలా మీ ఇంట్లో ఏది చూస్తారో దాన్నిబట్టి. కోడ్ పెడితే అన్నీ తెరుచుకుంటాయని చెప్పే షాపులున్నాయి, ఏడాది చందా తీసుకుంటారు. అవి దొంగ సర్వర్లు, ఏ రాత్రయినా ఆగిపోతాయి, డబ్బు వెనక్కి రాదు, పైగా అది నేరం. మా బిల్డింగ్‌లో అలా పోగొట్టుకున్నవాళ్లని చూశాను, నిలకడ కావాలనుకునేవాడు దాని జోలికే పోకూడదు.

రెండో లోపం, చానళ్లు ఇల్లు మారుతుంటాయి. 2025 నుంచి విదేశీ శాటిలైట్ల మీద ఇండియాలో ప్రసారం చేయాలంటే ఇన్‌స్పేస్ (అంతరిక్ష రంగంలో అనుమతులిచ్చే ఇండియా ప్రభుత్వ సంస్థ) అనుమతి తప్పనిసరి అయింది. ఇలాంటి మార్పు ఏది జరిగినా చానళ్లు ఒక శాటిలైట్ వదిలి ఇంకోదానికి పోతాయి, ఒకే శాటిలైట్‌లోనూ ఫ్రీక్వెన్సీ మారుతుంది. అందుకే ఇక్కడ చానళ్ల జాబితా రాయడం లేదు, మీరు చదివేసరికి సగం తప్పవుతుంది. రిసీవర్‌లో బ్లైండ్ స్కాన్ పెట్టి వదిలేయండి, ఉన్నవన్నీ అదే వెతుక్కుంటుంది. చానల్ పోయిందని డిష్‌వాడిని పిలిచేముందు ఇది చేస్తే సగంసార్లు డబ్బు మిగులుతుంది.

మూడోది ఆరడుగుల కొలతకే ఉన్న లోపం. సీ బ్యాండ్‌లో ఆరడుగుల డిష్ దాదాపు మూడు డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని చూస్తుంది, 66 పక్కనే 68.5 దగ్గర ఇంటెల్‌శాట్ 20 ఉంది, దాని సిగ్నల్ కొంత ఇందులోకి కలుస్తుంది. అందుకే బలహీనమైన చానళ్లు ఒకటి రెండు ఎప్పుడూ ఊగిసలాడుతుంటాయి. ఎనిమిదడుగుల డిష్ అయితే ఆ బాధ తగ్గుతుంది, మేడ మీద చోటు, ఇంటి ఓనర్ దయ ఉంటే అదే పెట్టించుకోండి. ఒకే డిష్‌కి రెండు ఎల్‌ఎన్‌బిలు పెట్టి 66, 68.5 రెండూ ఇస్తానని చెప్పేవాణ్ణి నమ్మకండి, ఆ రెండు ఎల్‌ఎన్‌బిల మధ్య ఉండాల్సిన దూరం మూడు నాలుగు సెంటీమీటర్లు, వస్తువు వెడల్పే అంతకన్నా ఎక్కువ.

ఇంకొకటి, లోపం కాదు గానీ తెలియకపోతే కంగారు పడతారు. మార్చి మొదట్లో, అక్టోబర్ మొదట్లో కొన్ని రోజుల పాటు రోజూ ఒకే వేళకి కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు, ఆ వేడి గోలలో సిగ్నల్ వినపడదు. 66 డిగ్రీలకైతే కువైట్‌లో ఉదయం పది, పదకొండు మధ్య. ఆ సమయంలో మేడ మీదికి వెళ్లి చూస్తే ఎల్‌ఎన్‌బి నీడ డిష్ నడిమధ్యన పడి ఉంటుంది, డిష్ సరిగ్గా గురిపెట్టి ఉందనడానికి అంతకంటే రుజువు లేదు. ఏమీ ముట్టుకోకండి, వారం పది రోజుల్లో తనంతట తనే పోతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఒక ఎల్‌ఎన్‌బి వైరును మామూలు స్ప్లిటర్‌తో రెండు ఇళ్లకి పంచితే ఒకరు అడ్డం చానల్ పెట్టగానే రెండోవాళ్ల నిలువు చానల్ పోతుంది, గొడవలు మొదలవుతాయి. రెండు అవుట్‌పుట్లున్న ఎల్‌ఎన్‌బి తీసుకుని ఎవరి వైరు వాళ్లు దించుకోండి. కోనసీమ కుర్రాళ్లతో మేం అలాగే చేశాం, 66 డిష్ మాది, 83 డిష్ వాళ్లది, ప్రతి ఇంటికీ సొంత స్విచ్, సొంత రిసీవర్, ఒకరి రిమోట్ ఇంకొకరి బొమ్మని ముట్టుకోదు.

ఎవరు కొనకూడదంటే, విల్లాలో యజమాని ఇచ్చిన గదిలో ఉండే డ్రైవర్లు, ఇంటిపని అక్కచెల్లెళ్లు. మీ చేతిలో మేడ లేదు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మనసు మారితే డిష్ ఒక్క రోజులో కిందికి దిగుతుంది. మీకు యాప్ మేలు, గదిలో వైఫై ఉంటే ఇంకా మేలు. ఏడాదిలో వీసా మార్చుకునే ఆలోచన ఉన్నవాళ్లకీ ఇది దండగ. కుటుంబంతో ఉండేవాళ్లకి, నలుగురైదుగురు కలిసి పాత ఫ్లాట్‌లో ఏళ్లుగా ఉండేవాళ్లకి, పెద్దవాళ్లు వచ్చిపోయే ఇళ్లకి నేను పదికి ఎనిమిది ఇస్తాను. తగ్గించిన రెండు మార్కులూ పెయిడ్ చానళ్లు లేనందుకు ఒకటి, మేడ మీద ఎవరో ఒకరి అనుమతి మీద ఆధారపడాల్సి వచ్చినందుకు ఒకటి.

ఆ అనుమతి గురించి చెప్పి ఆపేస్తాను. సామాను కొనడానికి ముందే హారిస్‌తో, అంటే బిల్డింగ్ వాచ్‌మన్‌తో మాట్లాడండి, ఓనర్ ఒప్పుకున్నాడని అతని నోటితో వినండి, డిష్ ఎక్కడ పెడతారో మేడ మీదికి తీసుకెళ్లి చూపించండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కోండి, శుక్రవారం పొద్దున బిగించేవాడు వచ్చేసరికి తలుపు తాళం వేసి ఉంటే అతను మళ్లీ వారం దాకా రాడు. హవల్లీలో డిష్ షాపులు చాలా ఉన్నాయి, రెండు మూడు తిరగండి, 5జీ ఫిల్టర్ ఎల్‌ఎన్‌బి, నిండు రాగి కేబుల్ అని అడగండి. రెండూ వెంటనే తీసి చూపించిన షాపులోనే డిష్ కూడా కొనండి.